పాంటూన్ బోటు: ఫుల్ థ్రాటిల్‌లో నిమిషం లాగి చతికిలబడుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోర్సిత్_పడవ:

అందరికీ నమస్కారం. మేం అట్లాంటాకి పైన కమ్మింగ్‌లో ఉంటాం. పోయిన అక్టోబరులో ఒక సెకండ్‌హ్యాండ్ పాంటూన్ బోటు కొన్నాను. పొడవాటి అల్యూమినియం గొట్టాల మీద తేలే చదును డెక్ పడవ, 22 అడుగులది, 2012 మోడల్, వెనకాల 115 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్, ఫ్యూయల్ ఇంజెక్షన్, గంటల మీటరు 410 చూపిస్తోంది. కొనేముందు లేక్ లేనియర్‌లో నలుగురం ఎక్కి తిప్పి చూస్తే 24 మైళ్ల స్పీడు వచ్చింది, ఇంజిన్ శబ్దం కూడా హాయిగా ఉంది. చలికాలమంతా ఇంటి పక్కనే ట్రెయిలర్ మీద కవర్ కప్పి ఉంచాను, ట్యాంకులో సగానికి పైగా గ్యాస్ (పెట్రోల్) అలాగే ఉండిపోయింది, నిల్వలో పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ మాత్రం పోశాను.

ఈ సీజన్ మొదలయ్యాక పికప్ పోయింది. తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో ఏ ఇబ్బందీ లేదు, 2,000 ఆర్‌పీఎంలో నెమ్మదిగా ఎంతసేపు తిప్పినా బాగానే ఉంటుంది. ఫుల్ థ్రాటిల్ ఇస్తే 5,400 దాకా వెళ్లి ఒక నిమిషం, ఒక్కోసారి అంతకన్నా తక్కువే, బ్రహ్మాండంగా లాగుతుంది, ఆ తర్వాత ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు 3,600కి పడిపోయి ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. స్పీడు 12, 13 మైళ్లు. లివర్ వెనక్కి లాగి రెండు నిమిషాలు ఊరుకుంటే మళ్లీ ఒక నిమిషం బాగుంటుంది, మళ్లీ అంతే. అలారం మోగట్లేదు, వార్నింగ్ లైటు లేదు, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల ధార బాగానే కొడుతోంది.

ఒక షాపులో చూపించాను. స్పార్క్ ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్ మార్చి, ట్యాంకులో ఏదో అడిటివ్ పోసి 540 డాలర్లు తీసుకున్నారు, ఇసుమంత తేడా లేదు. మళ్లీ వెళ్తే హై ప్రెషర్ పంపు పోయి ఉంటుంది, విప్పాలి, 1,400 అవుతుంది అన్నారు. పోయి ఉంటుంది అనే మాట మీద అంత పెట్టడానికి మనసొప్పట్లేదు. ఫ్రెండ్ ఒకడు ప్రొపెల్లర్ మార్చమంటున్నాడు.

నా టెన్షన్ ఏంటంటే, అమ్మానాన్న భీమవరం నుంచి వచ్చి ఉన్నారు. మొన్న శనివారం వాళ్లని తీసుకెళ్లాను. బ్రౌన్స్ బ్రిడ్జ్ దాటి కాస్త పైకి వెళ్లాక పడమటి వైపు మబ్బు కమ్మింది. ఇక్కడ వేసవి మధ్యాహ్నాలు ఉరుముల వాన ఎంత త్వరగా వస్తుందో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు. ఇరవై నిమిషాల దారి గంట పైన పట్టింది. పక్క నుంచి పెద్ద బోట్లు వెళ్తుంటే ఆ అలలకి బోటు ముక్కు ఎదురు తిప్పుకోవడానికి కూడా ఇంజిన్‌లో సత్తువ లేదు. అమ్మ లైఫ్ జాకెట్ పట్టీలు రెండు చేతులతో పట్టుకుని ర్యాంపు వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు ఆగస్టు 20న వెళ్లిపోతారు, ఈలోపు ఒక్కసారైనా ధైర్యంగా తీసుకెళ్లాలని ఉంది. కారు బ్రేకులవీ నేనే మార్చుకుంటాను కాబట్టి పానా పట్టుకోవడం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

డాలస్_నీళ్లు:

బ్రో, ప్రొపెల్లర్ కొనే ముందు ఆగండి. నాకు మూడేళ్ల క్రితం లేక్ లూయిస్‌విల్‌లో నిజంగానే ప్రొపెల్లర్ సమస్య వచ్చింది, అది ఇలా ఉండదు. ప్రొపెల్లర్ మధ్యలో రబ్బరు హబ్ ఉంటుంది, కింద రాయికో దుంగకో తగిలినప్పుడు గేర్లు విరగకుండా అది జారిపోవాలని పెడతారు. అది పాడైతే లివర్ ముందుకు తోసినప్పుడు ఇంజిన్ గీ అని అరుస్తుంది, ఆర్‌పీఎం 6,000 దాకా పోతుంది, బోటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మీకు ఆర్‌పీఎం, స్పీడు రెండూ కలిసి పడిపోతున్నాయి. అంటే ప్రొపెల్లర్ నీటిని పట్టుకునే ఉంది, తిప్పే బలమే తగ్గింది. ఏ బోటు మందగించినా నేను ముందు చూసేది ఆర్‌పీఎం ముల్లు, మిగతా ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

అయినా అనుమానం తీరాలంటే తాళం తీసేసి, హబ్ మీద నుంచి ప్రొపెల్లర్ మీదికి మార్కర్‌తో ఒకే గీత గీయండి. ఒక రౌండు కొట్టి వచ్చి చూస్తే గీత విడిపోయి ఉంటే జారినట్టే. అదే చేత్తో షాఫ్ట్‌కి చేపల గాలం దారం చుట్టుకుందేమో కూడా చూడండి, అది లోపలి సీల్ కోసేస్తుంది, మీ సమస్యకి సంబంధం లేకపోయినా చూడాల్సిందే.

ఒక ప్రశ్న. ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఫుల్ థ్రాటిల్‌కి ఎంత రేంజ్ రాశారు? ఈ సైజు ఇంజిన్లకి చాలావాటికి 5,000 నుంచి 6,000 ఉంటుంది. అదే అయితే మొదటి నిమిషం మీ 5,400 దాదాపు మధ్యలో ఉంది, అంటే పిచ్ (ప్రొపెల్లర్ రెక్కల వాలు) కూడా సరిపోయినట్టే. పిచ్ ఒక అంగుళం మారిస్తే 150, 200 ఆర్‌పీఎం అటూ ఇటూ అవుతుంది తప్ప నిమిషం తర్వాత 1,800 పడిపోదు.

కృష్ణ_ఒడ్డు:

బాబూ, నేను విజయవాడలో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా స్పీడ్ బోట్లకీ చేపల పడవలకీ ఔట్‌బోర్డ్ ఇంజిన్లు చూస్తున్నాను. మీ దేశపు బోటు నేను ముట్టుకోలేదు కానీ ఇంజిన్ ఎక్కడైనా ఇంజినే. మీరు రాసిన దాంట్లో నాకు పనికొచ్చిన మాట ఒక్కటే, ఆ ఒక్క నిమిషం. ఆ నిమిషం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

115 హార్స్‌పవర్ ఇంజిన్ ఫుల్‌లో తిరిగితే గంటకి సుమారు 10 గ్యాలన్ల పెట్రోల్ తాగుతుంది, అంటే నిమిషానికి 600 మిల్లీలీటర్ల పైమాటే. ఇంజిన్ మూత కింద ఒక చిన్న డబ్బా ఉంటుంది, వేపర్ సెపరేటర్ అంటారు. ట్యాంకు నుంచి లో ప్రెషర్ పంపు పెట్రోల్ లాక్కొచ్చి ఆ డబ్బా నింపుతుంది, అందులోంచి హై ప్రెషర్ పంపు ఇంజెక్టర్లకి కొడుతుంది. మేడ మీద నీళ్ల ట్యాంకు, కింద మోటారు లాగా అనుకోండి. మోటారు సన్నగా పోస్తున్నా ట్యాంకు నిండి ఉన్నంతసేపు కుళాయి జోరుగానే వస్తుంది, అయిపోగానే మోటారు పోసినంతే వస్తుంది. మీ బోటు సరిగ్గా అదే చేస్తోంది. నెమ్మదిగా నడిపితే వచ్చేది సరిపోతోంది, ఫుల్ ఇస్తే డబ్బాలో నిల్వ ఉన్నంతవరకు లాగి తర్వాత ఆకలితో నీరసపడుతోంది, లివర్ తగ్గిస్తే డబ్బా మళ్లీ నిండుతోంది. హై ప్రెషర్ పంపు అరిగిపోతే సాధారణంగా మొదటి నిమిషం కూడా 5,400 రాదు. అందుకని 1,400 డాలర్లు ఇప్పుడే ఇవ్వకండి.

ట్యాంకుకీ ఇంజిన్‌కీ మధ్య గొట్టంలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది కదా, అదే మీ డాక్టరు. మీరు స్టీరింగ్ దగ్గర ఉండండి, ఇంకొకరు వెనక కూర్చుని ఫుల్ థ్రాటిల్‌లో ఆ బల్బు చూడాలి. ఇంజిన్ నీరసపడే సమయానికి బల్బు నొక్కుకుపోయి చపాతీలా అతుక్కుంటే అడ్డు బల్బుకి వెనక, ట్యాంకు వైపు ఉన్నట్టు. ఇంజిన్ గట్టిగా పీలుస్తోంది, వెనక నుంచి రావట్లేదు. బల్బు గుండ్రంగానే ఉండి, చేత్తో పిసికితే ఇంజిన్ లేచి మళ్లీ పరిగెడితే, ఇంజిన్ మీదున్న లో ప్రెషర్ పంపు బలహీనమైనట్టు, లేదా గొట్టం జాయింట్లో ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. ఎంత పిసికినా మార్పు లేకపోతే అప్పుడు ముందుకు వెళ్లి ఫిల్టర్లు, హై ప్రెషర్ పంపు చూడాలి.

ఆ వెంటనే ట్యాంకు మూత వదులు చేసి మళ్లీ నడపండి. ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోతే పెట్రోల్ బయటికి రాదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక చేపల పడవ ఇంజిన్ కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాను, మూడుసార్లూ ఒడ్డున బాగుంది, నీళ్లలోకి వెళ్లగానే ఆగింది. చివరికి చూస్తే పెట్రోల్ క్యాను మూత మీద గాలి స్క్రూ బిగించి ఉంది. ఆయన మూడు రోజుల వేట పోయింది. ఆ తర్వాత ఏ ఇంజిన్ వచ్చినా ముందు మూత చూస్తాను. మీ బోటుకి గాలి రంధ్రం పక్కన చిన్న జాలీతో ఉంటుంది, అందులో కందిరీగలు మట్టి గూళ్లు పెడతాయి.

ఇంకో మాట. కృష్ణలో బ్యారేజీ పైన గుర్రపు డెక్క పేరుకున్నప్పుడు బోట్లు ఇలాగే నీరసిస్తాయి, అది ప్రొపెల్లర్‌కి చుట్టుకోవడం వల్లా, నీళ్లు పీల్చే జాలీలు మూసుకుని ఇంజిన్ వేడెక్కడం వల్లా. కొత్త ఇంజిన్లు వేడెక్కితే కంప్యూటరే ఆర్‌పీఎం తగ్గించేస్తుంది, కానీ అప్పుడు అలారం మోగుతుంది. మీకు మోగట్లేదన్నారు, అలారం బజర్ పనిచేస్తోందో లేదో మాత్రం ఒకసారి నిర్ధారించుకోండి, తాళం ఆన్ చేయగానే చాలా ఇంజిన్లలో ఒక బీప్ వస్తుంది.

టాంపా_గోదారి:

కృష్ణ ఒడ్డు గారు చెప్పింది నూటికి నూరు కరెక్ట్. ట్యాంకు మీద గొట్టం బిగించే చోట యాంటీ సైఫన్ వాల్వ్ ఉంటుంది, చిన్న ఇత్తడి ముక్క, లోపల స్ప్రింగు, గుండు. నా పందెం దాని మీదే. నేనైతే దాన్ని తీసేసి మామూలు ఫిట్టింగ్ పెట్టి గొట్టం తగిలించేశాను, రెండేళ్లుగా హాయిగా ఉంది. పది నిమిషాల పని, మీరూ పీకి పారేయండి.

మిషిగన్_సరస్సు:

టాంపా గారూ, వాల్వ్ మీద మీ అనుమానం సరైనదే అనుకుంటున్నాను, కానీ తీసేయమనడం దయచేసి వద్దు. ఆ వాల్వ్ ఎందుకు పెడతారో చెప్తాను. పాంటూన్‌లో ట్యాంకు సాధారణంగా డెక్ మీద, వెనక సీటు కింద ఉంటుంది, గొట్టం డెక్ కిందికి దిగి ఇంజిన్‌కి వెళ్తుంది. ట్యాంకు ఎత్తులో, గొట్టం పల్లంలో. గొట్టం ఎక్కడైనా చిట్లితే ఇంజిన్ ఆపేసినా సరే, ట్యాంకులో ఉన్నదంతా సైఫన్ అయి దానంతట అదే కారిపోతుంది. వాల్వ్ ఉంటే ఇంజిన్ పీల్చినప్పుడే తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది. అమ్మానాన్నలు కూర్చునే సీటు కింద 20 గ్యాలన్ల గ్యాస్ ఉంది, ఆ ఒక్క ఇత్తడి ముక్కే కాపలా. కొత్తది 20 డాలర్ల లోపే. పాడైతే మార్చాలి, తీసేయకూడదు. మీది కూడా వీలైతే తిరిగి పెట్టండి.

ఫోర్సిత్ గారూ, బల్బు పరీక్ష చేశాక ఇంకో పరీక్ష చేయండి. ఇది నా అనుభవంలో అన్నిటికన్నా ఖచ్చితమైనది. ఆరు గ్యాలన్ల పోర్టబుల్ ట్యాంకు ఒకటి కొనండి లేదా అడిగి తెచ్చుకోండి, దాని సొంత గొట్టం, సొంత బల్బుతో. తాజా గ్యాస్ పోసి నేరుగా ఇంజిన్‌కి తగిలించి పది నిమిషాలు ఫుల్‌లో నడపండి. బాగా నడిస్తే ఇంజిన్ నిర్దోషి, తప్పు మొత్తం బోటు వైపే: ట్యాంకు, వాల్వ్, గొట్టం, బల్బు, ఫిల్టర్. అప్పటికీ పడిపోతే బోటు నిర్దోషి, ఇంజిన్ మూత తీయాలి. ఏ విడిభాగమూ కొనకముందే సమస్య సగానికి సగం తగ్గిపోతుంది. షాపు వాళ్లు ఈ పరీక్ష చేయకుండా పంపు అనడం నాకు నచ్చలేదు.

ఆ క్యానులో గ్యాస్ పోసేటప్పుడు కారు డిక్కీలో పెట్టి పోయకండి, కింద నేల మీద పెట్టి పోయాలి, స్టాటిక్ నిప్పురవ్వ ప్రమాదం ఉంది. బోటు మీద గొట్టాలు విప్పేటప్పుడు బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేయండి, గుడ్డలు పక్కన ఉంచుకోండి. నడిపేటప్పుడు కిల్ స్విచ్ తాడు, అంటే నడిపేవాళ్లు తూలి పడితే ఇంజిన్ ఆపేసేది, ఒంటికి తగిలించుకోండి. 26 అడుగుల లోపు బోట్లకి 2021 ఏప్రిల్ 1 నుంచి అది ఫెడరల్ రూల్ కూడా, కానీ నేను చెప్పేది రూల్ కోసం కాదు. ఒకరు వెనక్కి వంగి బల్బు చూస్తూ ఉంటే, ఇంకొకరు ఫుల్ థ్రాటిల్‌లో తలతిప్పి వెనక్కి చూస్తూ ఉంటే ఎవరైనా తూలి పడటానికి ఒక్క అల చాలు.

గ్యాస్ గురించి కూడా. ఇక్కడ బంకుల్లో మామూలుగా దొరికేది 10 శాతం ఎథనాల్ కలిపింది. ఎథనాల్ తేమని పీల్చుకుంటుంది, నీరు ఒక హద్దు దాటితే ఎథనాల్, నీరు కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి, గొట్టం పీల్చేది అడుగు నుంచే. అలా విడిపోయాక స్టెబిలైజర్ పోసినా మళ్లీ కలవదు. ఫిల్టర్ విప్పి అందులోది గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా ఉంచి చూడండి, పొరలుగా కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. ఇంకో జాగ్రత్త: కొన్ని బంకుల్లో అన్‌లెడెడ్ 88 అని కొన్ని సెంట్లు తక్కువకి అమ్ముతారు, అది 15 శాతం ఎథనాల్, బోటు ఇంజిన్లలో వాడటం చట్టప్రకారమే నిషేధం. ఎథనాల్ లేని గ్యాస్ దొరికితే చలికాలం నిల్వకి అదే మంచిది.

కృష్ణ_ఒడ్డు:

అమ్మా, బాగా చెప్పారు. వాల్వ్ తీసేయడం నేనూ ఒప్పుకోను. ఇక్కడ కూడా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఎథనాల్ వస్తోంది. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడటం, లోపల జిగురుగా అవడం చూస్తున్నాను. పైకి నిగనిగలాడుతూ కొత్తగా కనిపించే గొట్టం కోసి చూస్తే లోపల దారి సగం మూసుకుని ఉంటుంది. కాబట్టి గొట్టాన్ని పైపైన చూసి బాగుందని వదిలేయకండి.

ఫోర్సిత్_పడవ:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న సాయంత్రం ఆఫీసు అయ్యాక మేరీ ఆలిస్ పార్క్ ర్యాంపులో దింపి బల్బు పరీక్ష చేశాం. తోడు ఎవరూ దొరక్క నాన్ననే వెనక కూర్చోబెట్టాను, ఆయనే వస్తానన్నారు. ఫుల్ ఇచ్చాక నలభై సెకన్లకి "రేయ్, అణిగిపోతోందిరా" అని గట్టిగా అరిచారు, అప్పటికి 5,400లోనే ఉంది, ఇంకో పది సెకన్లకి ఆర్‌పీఎం పడిపోయింది. బల్బు పూర్తిగా అతుక్కుపోయింది. ట్యాంకు మూత తీసి చేసినా అదే, కాబట్టి గాలి రంధ్రం కాదు. తాళం ఆన్ చేస్తే బీప్ కూడా వస్తోంది. ప్రొపెల్లర్ మీద గీత విడిపోలేదు.

డాలస్ బ్రో, మాన్యువల్‌లో 5,000 నుంచి 6,000 అనే ఉంది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. శనివారం వానలో చిక్కుకున్నప్పుడే నాన్న "దీనికి ఆయిల్ అందట్లేదు" అన్నారు, ఆయన భాషలో ఆయిల్ అంటే ఇంధనం. మాకు భీమవరం దగ్గర చేపల చెరువులున్నాయి, నీళ్లు తోడే డీజిల్ ఇంజిన్లు నలభై ఏళ్లుగా ఆయనే చూసుకుంటారు. ఇది డీజిల్ కాదు నాన్నా, కంప్యూటర్‌తో నడిచేది, వేరే అని కొట్టిపారేశాను. మీరంతా చెప్పింది, ఆయన చెప్పింది ఒకటే.

రేపు పోర్టబుల్ ట్యాంకు.

డాలస్_నీళ్లు:

అంకుల్‌కి నా నమస్కారం చెప్పండి. బల్బు అతుక్కుంది కాబట్టి నేను వాల్వ్ లేదా గొట్టం మీదే ఉన్నాను. ట్యాంకు లోపలికి దిగే పికప్ గొట్టం చివర జాలీ ఉన్నా ఉండొచ్చు, అది కూడా మూసుకుంటుంది, వాల్వ్ విప్పినప్పుడు అదీ పైకి లాగి చూడండి.

ఫోర్సిత్_పడవ:

శనివారం పని మొత్తం అయ్యింది, వరసగా రాస్తాను, ఇదే సమస్యతో రేపు ఇంకెవరైనా వెతుక్కుంటారు.

ముందు పోర్టబుల్ ట్యాంకుతో 12 నిమిషాలు ఆపకుండా ఫుల్‌లో నడిపాను. 5,450 దగ్గర ముల్లు కదల్లేదు, 23 మైళ్లు. ఆ పన్నెండు నిమిషాలూ నాకు ఊపిరి సరిగ్గా ఆడలేదు, ఎప్పుడు పడిపోతుందా అని చూస్తూనే ఉన్నాను, పడలేదు. ఇంజిన్‌లో ఏ తప్పూ లేదు.

ఇంటికి తెచ్చి వెనక సీటు తీసి, బ్యాటరీ ఆఫ్ చేసి, యాంటీ సైఫన్ వాల్వ్ విప్పాను. గుండు స్ప్రింగు మీద ఇరుక్కుని ఉంది, చిన్న పుల్లతో నెడితే కదులుతోంది కానీ సగం దూరమే. దాని చుట్టూ నల్లగా, ఎండిపోయిన బెల్లం పాకంలాంటి జిగురు. అయితే అది సగమే. గొట్టం తీసి కత్తితో పొడవునా చీల్చాను. బూడిద రంగు గొట్టం, బయట ఒక్క పగులు లేదు, లోపలి పొర ఒక చోట అరచేయంత పొడవున ఊడి వేలాడుతోంది. ఇంజిన్ గట్టిగా పీల్చినప్పుడల్లా ఆ పొర లేచి దారికి తలుపులా అడ్డం పడుతోందన్నమాట, మెల్లగా పీల్చినప్పుడు పక్కకి ఒదిగి ఉంటోంది. ఐడిల్‌లో అంత బాగా ఎందుకు నడిచిందో చేతిలో పట్టుకుని చూశాకే అర్థమైంది. కృష్ణ ఒడ్డు గారు కోసి చూడమనకపోతే వాల్వ్ ఒక్కటే మార్చి, అదే గొట్టం తగిలించి ఉండేవాణ్ణి.

వాల్వ్, ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా మొత్తం గొట్టం, బల్బు, క్లాంపులు, 10 మైక్రాన్ల నీరు వేరుచేసే ఫిల్టర్, అన్నీ కొత్తవి వేశాను. గొట్టం ఏ1-15 అని ముద్ర ఉన్నది తీసుకున్నాను, బోటుకి అదే వాడాలని పార్ట్స్ షాపులో ఉన్న పెద్దాయన చెప్పారు. పికప్ జాలీ శుభ్రంగానే ఉంది. అన్నీ కలిపి 168 డాలర్లు, పోర్టబుల్ ట్యాంకు కాకుండా. ఒక ఫ్రెండ్ దగ్గర వాక్యూమ్ గేజ్ (గొట్టంలో పీల్పు ఎంత గట్టిగా ఉందో పాదరసం అంగుళాల్లో చూపించేది) ఉంటే పాత గొట్టం తీయకముందు టీ జాయింట్ పెట్టి చూశాను, ఫుల్‌లో పడిపోయే సమయానికి 8 అంగుళాలు చూపించింది. అన్నీ మార్చాక ఒకటిన్నర.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఫిల్టర్‌లో నల్లటి రబ్బరు తునకలు దొరికాయి, ఇంజిన్ లోపలికి కూడా వెళ్లి ఉంటాయా? ట్యాంకులో ఉన్న 15 గ్యాలన్ల పాత గ్యాస్ ఏం చేయాలి? సీసాలో పోసి రాత్రంతా ఉంచాను, పొరలు కట్టలేదు, రంగు కొంచెం ముదిరింది.

మిషిగన్_సరస్సు:

చాలా సంతోషం. 8 నుంచి ఒకటిన్నర అంటే ఇంక అనుమానం లేదు, మూడు నాలుగు అంగుళాలు దాటితేనే ఎక్కడో అడ్డు ఉన్నట్టు లెక్క.

పొరలు కట్టలేదు కాబట్టి ఆ గ్యాస్ పారేయక్కర్లేదు కానీ, అది ఒక్కటే ఇంజిన్‌కి తాగించొద్దు. ట్యాంకులో మిగిలిన ఖాళీ అంతా తాజా గ్యాస్‌తో నింపి త్వరగా వాడేయండి. వాసన పుల్లగా, వార్నిష్‌లా వస్తుంటే మాత్రం తీసేసి కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వండి. వచ్చే చలికాలం ట్యాంకు దాదాపు నింపి, స్టెబిలైజర్ పోశాక పది నిమిషాలు ఇంజిన్ నడపండి, అప్పుడే అది ఇంజిన్ లోపలి దాకా చేరుతుంది. ట్యాంకులో పోసి వదిలేస్తే ట్యాంకులోనే ఉంటుంది.

కృష్ణ_ఒడ్డు:

బాబూ, చదివి మనసు నిండింది. తునకల సంగతి: పెద్ద ఫిల్టర్‌కి ముందు పుట్టినవి అందులో ఆగాయి. కానీ ఫిల్టర్ దాటాక ఇంజిన్ దాకా ఉన్న ముక్క కూడా అదే పాత గొట్టం కదా, దాంట్లోంచి ఊడినవి లోపలికి వెళ్లే అవకాశం ఉంది. ఇంజిన్ మూత తీస్తే చిన్న ఫిల్టర్ ఇంకొకటి ఉంటుంది, పారదర్శకంగా గిన్నెలా. దాన్ని విప్పి చూడండి. అది శుభ్రంగా ఉంటే వేపర్ సెపరేటర్ ఇప్పుడు విప్పనక్కర్లేదు. అందులో కూడా నల్లవి ఉంటే, ఈ సీజన్ అయ్యాక తీరిగ్గా విప్పి లోపలి జాలీ కడగండి, తొందర లేదు. కొత్త పెద్ద ఫిల్టర్‌ని మాత్రం ఇరవై గంటలకే ఒకసారి విప్పి చూడండి.

బల్బు మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజిన్ వైపు ఉందో లేదో ఇంకోసారి సరిచూసుకోండి. తిరగేసి బిగించి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది.

టాంపా_గోదారి:

మిషిగన్ గారూ, మీరు రాసింది చదివాక నా బోటు కింద గొట్టం చూశాను. నాది కూడా ట్యాంకు కన్నా పల్లంలోనే ఉంది, ఇన్నాళ్లూ అది ఆలోచించలేదు. నిన్న కొత్త వాల్వ్ ఆర్డర్ పెట్టాను, గొట్టం కూడా కలిపి మారుస్తాను. థాంక్స్.

ఫోర్సిత్_పడవ:

బాణం ఇంజిన్ వైపే ఉంది. లోపలి చిన్న ఫిల్టర్ విప్పాను, రెండు తునకలు, ఆవగింజంత, అంతకు మించి ఏమీ లేదు. అది కూడా కొత్తది వేశాను.

ఇవాళ ఆదివారం పొద్దున్నే, రద్దీ మొదలవకముందు, అమ్మానాన్నలతో బ్రౌన్స్ బ్రిడ్జ్ దాకా వెళ్లొచ్చాం. ముందు అమ్మ రానంది, నాన్న "గొట్టం నేనే చూశా, కొత్తది" అన్నాక వచ్చి కూర్చుంది. వెళ్లేటప్పుడు పద్దెనిమిది నిమిషాలు, వచ్చేటప్పుడు పదిహేడు. నాన్న దారి పొడవునా వెనక సీట్లోనే, ఒక చెయ్యి బల్బు మీద పెట్టి ఉంచారు. ర్యాంపు దగ్గర దిగాక బల్బు గట్టిగానే ఉందని చెప్పి, భీమవరంలో మూడో చెరువు ఇంజిన్ గొట్టం కూడా వెళ్లగానే కోయించి చూడాలని తమ్ముడికి ఫోన్ చేశారు.